చూసే చెయ్యి నొస్తే...

పోయిన వానాకాలంలో మా అమ్మ కుడి భుజం పట్టేసింది. జుట్టు ముడేసుకుందామంటే చెయ్యి లేవదు. జాకెట్టు తొడుక్కోవాలంటే నన్ను పిలవాల్సిందే. వరంగల్ కొత్తవాడలో మా నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసినన్నాళ్లూ, అంటే ముప్పయ్యేళ్ల పైచిలుకు, అమ్మ రాట్నం ముందు కూచుని కండెలు చుట్టింది. కుడిచేత్తో చక్రం తిప్పడం, ఎడమచేత్తో దారం పట్టడం. వంట, నీళ్లు, మా ముగ్గురి పెంపకం అయ్యాక మిగిలిన పొద్దంతా అదే పని. నాన్న నేతగాడు. అమ్మ చేసిన పనికి మాత్రం పేరు లేదు. ఏ కాగితంలో చూసినా ఆమె 'గృహిణి'. భుజం నొప్పికీ చాలాకాలం పేరు లేదు. "వాతం బిడ్డా, వయసు మీద పడ్డది" అని ఆమే మాకు సర్దిచెప్పేది.

ఎముకల డాక్టరు భుజానికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాశారు. హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటరుకు తీసుకెళ్లాను. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. చిన్న గది, చీకటి, ఏసీ చలి. లోపల ఒక డాక్టరమ్మ, నలభై ఐదేళ్లుంటాయేమో. అమ్మను స్టూలు మీద కూచోబెట్టి, చెయ్యి వెనక్కి మడిచి నడుము మీద పెట్టుకోమన్నారు. జెల్ రాసి ప్రోబ్ ఆనించారు. తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి. ఎడమచెయ్యి మీటల మీద, మెడ తెర వైపు, కుడిచెయ్యి గాల్లో చాచి అమ్మ భుజం మీద. కాసేపటికి ఆమె ప్రోబ్ పక్కన పెట్టి, కుడిచేతిని ఒళ్లో వాల్చి, ఎడమచేత్తో భుజం నొక్కుకున్నారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అట్లాగే ఆగారు.

అమ్మ చూసింది. "నీగ్గూడ రెక్క నొస్తున్నదా బిడ్డా?" అని అడిగింది.

డాక్టరమ్మ నవ్వారు. "మీకెక్కడ చిరిగిందో నాకూ అక్కడే అమ్మా" అన్నారు.

చేతిని పక్కకి ఎత్తి నిలిపే కండరం ఒకటుంది. సుప్రాస్పైనేటస్ అంటారు. దాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ అమ్మకు కొంత మేర చిరిగింది. డాక్టరమ్మ రెండేళ్ల కిందటే తోటి డాక్టరు చేత తన భుజానికి స్కాన్ చేయించుకున్నారట. అదే కండరం, అదే పట్టీ. అమ్మది రాట్నం తిప్పిన భుజం. ఆమెది ప్రోబ్ పట్టిన భుజం. ఆ చీకటి గదిలో ఆ రెండు భుజాలూ ఎదురెదురుగా కూచున్నాయి. ఒక భుజానికి ఫైలుంది, రిపోర్టుంది, మందుంది. రెండో భుజం ఆ రిపోర్టు తయారుచేసే పనిలో ఉంది.

ఆ దృశ్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో తెలుగు కథల్లో శ్రామిక స్త్రీ శరీరం గురించి ఒక పూర్తి అధ్యాయం ఉంది. పొలం, బీడీ, వంటిల్లు, ప్రసవం అన్నీ ఉన్నాయి. అందులో మా అమ్మ రాట్నమూ లేదు, ఆ డాక్టరమ్మ స్టూలూ లేదు. తర్వాత ఆమెను నాలుగైదుసార్లు కలిశాను. ఇప్పుడు అక్కా అని పిలుస్తున్నాను. పేరు రాయొద్దన్నారు. ఆమె చెప్పినవీ, నేను చదివినవీ, అమ్మ భుజం నేర్పినవీ కలిపి ఇక్కడ ఒక ప్రశ్న అడగదలచుకున్నాను. ఇతరుల నొప్పిని చూడటమే పనిగా ఉన్న మనిషి తన సౌఖ్యం గురించి మాట్లాడటం స్వార్థమా?

ముందు ఆ పని శరీరాన్ని ఏం అడుగుతుందో చూద్దాం. స్కానింగ్ అంటే బొమ్మ తీయడం అనుకుంటాం. కెమెరా పట్టుకుని బటన్ నొక్కినట్టు ఊహించుకుంటాం. నిజానికి అది ఒత్తే పని. పొట్ట మీద కొవ్వు పొర ఎక్కువుంటే ఇంకా గట్టిగా ఒత్తాలి. ప్రోబ్‌ను వేళ్లతో బిగించి పట్టుకోవాలి, జెల్ వల్ల జారుతుంది కాబట్టి ఇంకా బిగించాలి. దానికి వేలాడే కేబుల్ బరువు మణికట్టును కిందికి లాగుతుంది. చెయ్యి రోగి శరీరం మీదుగా చాచి గాల్లో నిలబడాలి. మెడ తెర వైపు, నడుము మంచం వైపు, ఇంకో చెయ్యి మీటల వైపు. అంటే ఒకే శరీరం మూడు దిక్కులకు మెలిపడి ఉండాలి. కదిలే కండరానికి నెత్తురు అందుతూ ఉంటుంది. కదలకుండా బిగుసుకుని నిలిచే కండరానికి సరిగా అందదు. బరువులు మోసేవాళ్ల కష్టం కనబడుతుంది. ఇది కనబడని మోత. "మా అమ్మ దృష్టిలో నాది కూచుని చేసే సుఖమైన ఉద్యోగం" అంది అక్క.

పాశ్చాత్య దేశాల్లో ఈ పని చేసేవాళ్లలో స్త్రీలే ఎక్కువ. అక్కడ 1980ల మధ్య నుంచే వాళ్లు ఈ నొప్పుల గురించి తమ వృత్తి పత్రికల్లో రాసుకున్నారు. 1997లో అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక పెద్ద సర్వేలో 80 శాతానికి పైగా మంది నొప్పితోనే స్కాన్ చేస్తున్నామని చెప్పారు. 2009 నాటి సర్వేలో అది 90 శాతానికి చేరింది. 2003లో వృత్తి సంఘాలూ యంత్రాలు తయారుచేసే కంపెనీలూ కూచుని ప్రమాణాలు రాసుకున్నాయి. 2006లో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయాష్ ఈ నొప్పుల నివారణ మీద ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. అవి చెప్పేవాటిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రోగిని మంచం అంచుకు, తనకు దగ్గరగా జరుపుకోవాలి. చెయ్యి శరీరం నుంచి 30 డిగ్రీలకు మించి ఎడంగా పోకూడదు. మోచేతి కింద ఏదైనా ఆనుకోవాలి. తెర కంటి ఎత్తులో, ఎదురుగా ఉండాలి. మంచం, కుర్చీ, మీటల బల్ల మూడింటి ఎత్తూ మార్చుకోగలగాలి. కేబుల్ బరువు చేతి మీద పడకుండా కట్టాలి. మధ్యమధ్య ఆగాలి.

అక్క ఇవన్నీ విని, "మా గదిలో మిషను ఎక్కడుందో చూశావా? ప్లగ్గు ఎక్కడుంటే అక్కడుంది" అంది. మంచం ఎత్తు మారదు. నెలలు నిండిన స్త్రీలు దాని మీదికి ఎక్కాలంటే కింద మెట్టుబల్ల వేయాలి, ఆయా రెక్కపట్టి లేపాలి. ఆ మంచానికి సరిపోయేట్టు అక్క స్టూలు పైకి లేపుకుంటే ఆమె పాదాలు నేలకు ఆనవు.

ఇక్కడ స్త్రీవాదులుగా మన గురించి మనం కొంచెం మాట్లాడుకోవాలి. అల్ట్రాసౌండ్ గురించి మనం తక్కువేమీ రాయలేదు. 1984లో యాన్ ఓక్లీ గర్భిణుల శరీరాలను వైద్యం ఎట్లా స్వాధీనం చేసుకుందో పుస్తకం రాసింది. 1987లో రోజలిండ్ పెచెస్కీ, స్కానింగ్ తెర మీద పిండం ఒంటరిగా తేలుతూ కనిపించి, దాన్ని మోస్తున్న స్త్రీ మాయమవుతున్న తీరును విశ్లేషించింది. మన దేశంలో ఆ చర్చ ఇంకా పదునుగా నడిచింది. ఇక్కడ మాయమైంది తెర మీది ఆడపిల్లలు. 1980ల నుంచి మహిళా సంఘాలు పోరాడితే 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ లింగ నిర్ధారణ నిషేధ చట్టాలు వచ్చాయి. అమలు చేయడం లేదని 2000లో సెహత్, మాసూమ్ సంస్థలూ సాబూ జార్జ్ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2003లో చట్టాన్ని సవరించారు. మన సెమినార్లలో ప్రోబ్ అంటే అధికార దృష్టికి చిహ్నం. చూసేవాడిది అధికారం, చూడబడేది స్త్రీ శరీరం. ఈ విశ్లేషణ తప్పని నేను అనను. అది అవసరమైన విశ్లేషణ.

కానీ ఆ విశ్లేషణలో మంచం మీద పడుకున్న స్త్రీ ఉంది, తెర మీది పిండం ఉంది, వెనక రాజ్యం ఉంది, మార్కెట్టు ఉంది. స్టూలు మీద కూచున్న మనిషి మాత్రం ఉత్త కన్నుగా మిగిలిపోయింది. ఆ కన్నుకు ఒక మెడ ఉందనీ, భుజం ఉందనీ, నెలసరి ఉందనీ, ఇంటికెళ్లి అదే చేత్తో చపాతీ పిండి పిసకాలనీ మనకు తట్టలేదు. దృష్టిని అధికారంగా మాత్రమే చదివాం. శ్రమగా చదవలేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలికి అలికి తన పేరు మర్చిపోయిన ఇల్లాలిని మనమంతా గుర్తుపట్టాం. రోజంతా ఇతరుల లోపలి శరీరాలను చూసి చూసి తన శరీరాన్ని మర్చిపోయిన స్త్రీని గుర్తుపట్టడానికి నాకు అమ్మ కావాల్సి వచ్చింది.

ఈ మరుపు కొత్తది కాదు. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుక్కున్నాడు. మరుసటి ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అనే యువతి సొంతంగా ఎక్స్‌రే లాబొరేటరీ పెట్టింది. స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో గాయపడిన సైనికుల శరీరాల్లో తూటాలు ఎక్కడున్నాయో చూపించి పేరు తెచ్చుకుంది. రోగికి భయం లేకుండా ఉండాలని ముందు తన చేతినే కిరణాల కింద పెట్టి చూపేదట. ఆ చేతికి పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ వచ్చింది, చెయ్యి తీసేశారు. 1905లో చనిపోయింది. అట్లా చనిపోయిన వైద్యులకూ సాంకేతికులకూ 1936లో హాంబర్గ్‌లో స్మారకం కట్టారు. వాళ్లను అమరులన్నారు. ఈ 'అమరులు' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఒక యంత్రం మనిషిని తింటున్నప్పుడు చేయాల్సింది యంత్రాన్ని మార్చడం. అది ఆలస్యమైనప్పుడు మనిషిని అమరుణ్ణి చేస్తాం.

రేడియేషన్ విషయంలో తర్వాత్తర్వాత ప్రపంచం మారింది. ఈ రోజు ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసేవాళ్లు ఛాతీ దగ్గర ఒక చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. సీసపు ఏప్రను వేసుకుంటే దాని లోపల. దాన్ని మూడు నెలలకోసారి పంపిస్తే ఆ శరీరం ఎంత రేడియేషన్ తీసుకుందో లెక్క వస్తుంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి దీనికి పరిమితులు పెట్టింది. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. గర్భంతో ఉన్న ఉద్యోగినుల విషయంలో ఇంకా కఠినమైన నిబంధనలున్నాయి. అంటే పనిచేసే శరీరానికి ఒక హద్దు ఉందని, దాన్ని దాటించడం నేరమని సమాజం ఒప్పుకుంది. అయినా ఆ రక్షణలోనూ ఆడ శరీరం పూర్తిగా లెక్కలోకి రాలేదు. చేతులు లేని సీసపు ఏప్రన్లు చంక పక్కన రొమ్ము భాగాన్ని సరిగా కప్పవని వైద్య పత్రికలు ఇటీవల రాస్తున్నాయి.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు. బ్యాడ్జి అక్కర్లేదు. కాబట్టి ప్రమాదమూ లేదనుకున్నాం. రేడియేషన్ కొలవడానికి బ్యాడ్జి ఉంది, భుజం ఎన్ని గంటలు గాల్లో నిలిచిందో కొలిచే బ్యాడ్జి లేదు. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ప్రభుత్వాసుపత్రుల్లో 56 టిఫా స్కానింగ్ యంత్రాలు ప్రారంభించింది. గర్భంలో బిడ్డ అవయవాలను వివరంగా చూసే పరీక్ష అది. ప్రైవేటులో వేలు పోయలేని పేద స్త్రీలకు నిజంగా మేలు. సంతోషించాను. ఆ వార్తలో యంత్రాల లెక్క, కోట్ల లెక్క, ఆసుపత్రుల లెక్క చూశాం. ఒక్కో టిఫా చేయడానికి ఇరవై నిమిషాలో అరగంటో కుడిచెయ్యి నిలిపి ఉంచాల్సిన మనుషుల లెక్క అడగాలని నాకప్పుడు తోచలేదు.

ఇంకో చిక్కు మన దగ్గర ప్రత్యేకంగా ఉంది. అమెరికా, బ్రిటన్‌లలో స్కాన్ చేసే సోనోగ్రాఫర్లు వేరే ఉంటారు. ఇక్కడ లింగ నిర్ధారణ చట్టం ప్రకారం తగిన అర్హతలున్న వైద్యులే ప్రోబ్ పట్టాలి. పేరు నమోదై ఉండాలి, ప్రతి గర్భిణికీ ఫారం-ఎఫ్ నింపాలి. ఆడపిల్లల ప్రాణాల కోసం ఈ కట్టుదిట్టం కావాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. అక్కకూ లేదు. కానీ దాని అర్థం, ఒక సెంటరులో రోజంతా వచ్చే స్కాన్లన్నీ ఒకే భుజం మీద పడటం. పంచుకునే రెండో చెయ్యి లేదు. చట్టం ఆ చెయ్యి ఎవరిదో అడుగుతుంది, అడగాలి కూడా. ఆ చెయ్యి ఎట్లా ఉందో అడగడం చట్టం పని కాదు. మరి ఎవరి పని?

ఇదే మాట అక్కతో అంటే ఆమె కొంచెం చిరాకు పడింది. "నా ముందు పడుకున్నామెకు గడ్డ ఉందో లేదో తెలియక వణుకుతుంటది. ఇంకొకామెకు బిడ్డ గుండె కొట్టుకుంటలేదు, ఆ సంగతి నేనే చెప్పాలె. వాళ్ల ముందు నా భుజం ఎంత? అది మాట్లాడితే సిగ్గనిపిస్తది" అంది.

ఈ సిగ్గును నేను తేలిగ్గా తీసుకోలేను. ఇందులో నిజాయితీ ఉంది. ఇతరుల బాధ ముందు తన బాధను చిన్నదిగా చూసుకోవడం మనిషిలో ఉండే మంచి గుణం. అయితే ఈ గుణాన్ని ఎవరికి నేర్పుతాం, ఎవరికి నేర్పం అన్నది చూడాలి. అమ్మ జ్వరంతోనే వండి పెట్టేది. ఎవరైనా పడుకోమంటే "మీరు ఆకలితోని ఉంటె నాకు నిద్ర పడ్తదా" అనేది. అదీ ప్రేమే. కానీ ఆ ప్రేమ మీద ఇల్లు నడిచే ఏర్పాటు ఒకటి జరిగిపోయింది. అమ్మ నొప్పి గురించి ఆలోచించాల్సిన అవసరం ఆ ఏర్పాటుకు ఎప్పుడూ రాలేదు. డాక్టరమ్మ సిగ్గు మీద స్కానింగ్ సెంటరూ అట్లాగే నడుస్తోంది. ఎత్తు మారే మంచం కావాలని ఆమె ఒకసారి అడిగిందట. ఇంతకుముందున్న డాక్టరు ఏ ఇబ్బందీ చెప్పలేదే అన్నారట. ఆ ముందున్నామె ఎందుకు మానేసిందో ఎవరూ అడిగినట్టు లేదు.

నొప్పిని నొప్పితో తూచడం నీతి కాదనుకుంటాను. క్యాన్సర్ పెద్దది, భుజం చిన్నది. నిజమే. కానీ ఈ రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలని ఎవరు చెప్పారు? ఆ మంచాన్నే చూడండి. దాని ఎత్తు మారకపోవడం వల్ల నిండు చూలాలు ఎక్కలేక ఇబ్బంది పడుతుంది. ఆమెను లేపే ఆయా నడుము పోతుంది. డాక్టరు భుజం చిరుగుతుంది. ముగ్గురూ స్త్రీలే. ఎత్తు మారే మంచం ఒకటి వస్తే ముగ్గురికీ సుఖం. రోగి మేలు, సేవ చేసేవాళ్ల సౌఖ్యం ఒకదానికొకటి శత్రువులన్నట్టు మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం వల్ల ఖర్చు తప్పించుకునేవాళ్లకే లాభం.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం కథ మనందరికీ తెలుసు. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. తరతరాలుగా ఇది ఆడవాళ్ల పని. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక నావల్ల కాదంది. ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. అతని మీద నాకు గౌరవం. అతను చేసిన అసలు పని యంత్రం కంటే ముందే జరిగింది. తల్లి నొప్పిని అతను నమ్మాడు. ఆ నొప్పి వయసు వల్లా, కర్మ వల్లా వచ్చింది కాదని, ఆ పని చేసే తీరులోనే తప్పుందని అనుకున్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నొప్పి ఒక జ్ఞానం. యంత్రం ఎక్కడ తప్పుగా ఉందో అందరికంటే ముందు తెలిసేది దాన్ని వాడే శరీరానికి. తెర కొంచెం పక్కకుంటే మెడకు తెలుస్తుంది. ప్రోబ్ పిడి మగవాడి గుప్పిటకు సరిపోయేట్టు ఉంటే చిన్న చేతి బొటనవేలికి తెలుస్తుంది. ఆ నొప్పిని త్యాగం అని పిలిచిన క్షణాన ఆ జ్ఞానం పోతుంది. త్యాగానికి దండ వేస్తాం, దాన్నుంచి నేర్చుకోం. వేల మంది నేత స్త్రీలు తరతరాలుగా భుజం నొస్తోందని చెప్పే ఉంటారు. ఆ మాటలు ఫిర్యాదులుగా, మూలుగులుగా గాల్లో కలిసిపోయాయి. డిజైన్ అంటే ఏదో నాజూకు వ్యవహారమనుకుంటాం. ఎవరి మూలుగును సమాచారంగా తీసుకోవాలి, ఎవరిది తీసుకోనక్కర్లేదు అని నిర్ణయించే చోటు అది. అందుకే అది నైతిక విషయం.

ఆ సమాచారాన్ని పోగుచేసే ప్రయత్నాలు మన దేశంలో లేకపోలేదు. 1997లో అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ భారతీయ స్త్రీ పురుషుల శరీర కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకం ప్రచురించింది. చెయ్యి ఎంత దూరం అందుతుంది, కూచుంటే మోకాలు ఎంత ఎత్తు వస్తుంది, ఇట్లాంటివి. మన స్త్రీల చేతి పొడవు ఎంతో తెలియక మంచాలు అట్లా చేస్తున్నారని ఎవరూ అనలేరు. తెలిసినా కొనేటప్పుడు ఎవరూ ఆ పుస్తకం తెరవరు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది, అది నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఈ మధ్య యంత్రాలు అమ్మే కంపెనీలు కూడా ఆపరేటర్ సౌఖ్యం గురించి మాట్లాడుతున్నాయి. తేలికైన ప్రోబ్‌లు, పైకీ కిందికీ కదిలే బల్లలు, తిరిగే తెరలు. మంచిదే. కానీ ఆ ప్రచారాల్లో సౌఖ్యం పక్కనే ఎప్పుడూ ఇంకో మాట ఉంటుంది. ఎక్కువ స్కాన్లు. అంటే ఆమెకు నొప్పి తగ్గాలి, ఎందుకంటే నొప్పి తగ్గితే రోజుకు ఇంకో పది మందిని చూడగలదు. అక్కకు జీతం కాదు, ఒక్కో స్కానుకు ఇంత అని లెక్క. బీడీలకూ కండెలకూ ఉండే లెక్కే డాక్టరుకూ వచ్చింది. రెక్కాడితేగానీ డొక్కాడదు అనే మా వాడ సామెత ఏసీ గదిలోకీ వచ్చింది. మంచి కుర్చీ ఇచ్చి స్కాన్లు పెంచితే రెండేళ్లకు ఆ భుజం మళ్లీ అక్కడికే వస్తుంది.

నేను కూడా మొదట్లో అక్క తరఫున వాదిస్తూ, "నీ చెయ్యి నొస్తే బొమ్మ సరిగా రాదు, రోగికి నష్టం, అందుకైనా అడగాలి" అన్నాను. అది నిజమే, యాజమాన్యాన్ని ఒప్పించడానికి పనికొచ్చే వాదన. కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. బొమ్మ కోసమే ఆమె భుజం బాగుండాలంటే ఆమె ప్రోబ్‌కు తగిలించిన ఇంకో భాగం అవుతుంది. తల్లి ఆరోగ్యంగా ఉండాలి, ఎందుకంటే బిడ్డ ఆరోగ్యంగా పుట్టాలి అనే వాదన లాంటిదే ఇది. స్త్రీ శరీరం ఎప్పుడూ ఇంకెవరికో దారిగానే విలువ పొందుతుందనే కదా మనం ఇన్నేళ్లూ కొట్లాడింది. ఆమె భుజం ఆమెది. సాయంత్రం ఇంటికెళ్లి తన జుట్టు తాను ముడేసుకోవడానికి అది బాగుండాలి. ఆ కారణం చాలు.

సౌఖ్యం అడగడానికి సిగ్గుపడనివాళ్లు ఉన్నారు. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే సేల్స్ స్త్రీలు కూచునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. పెణ్‌కూట్టు సంఘం ఆ పోరాటాన్ని నడిపింది. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అట్లాంటి సవరణ తెచ్చింది. ఒక స్టూలు కోసం చట్టం రావాల్సి వచ్చిందంటే నవ్వొచ్చేవాళ్లకు నవ్వు రావచ్చు. ఆ స్త్రీలు మాత్రం తమ కాళ్లకు తెలిసిన విషయాన్ని రాజ్యానికి చెప్పగలిగారు. చదువుకున్న డాక్టరుకు లేని ధైర్యం వాళ్లకు ఎట్లా వచ్చిందా అనుకున్నాను. వాళ్లు ఒంటరిగా అడగలేదు, సంఘంగా అడిగారు. వాళ్లను ఎవరూ దేవతలనలేదు కూడా. దేవత అన్నాక స్టూలు అడగడం కష్టం.

ఇంకొక్క మాట. అక్క భుజం గురించి ఇంత రాసిన నేను ఆయా నడుము గురించి రెండు వాక్యాలే రాశాను. ఆమెతో మాట్లాడాలని వెళితే "నాకేం నొప్పుల్లేవమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. నొప్పుందని చెబితే పని పోతుందేమోనని భయం. డాక్టరు నొప్పికి కనీసం ఇంగ్లీషు పరిశోధనలున్నాయి. ఎర్గోనమిక్స్ అనే పెద్ద పేరుంది. ఆయాది ఇంకా 'వాతం' దగ్గరే ఉంది. డాక్టరుకు మంచి కుర్చీ వచ్చి, ఆయాకు కూచోవడానికి గోడ వారే మిగిలితే మనం సాధించేది ఏమీ ఉండదు.

అమ్మకు ఇప్పుడు కొంత నయం. గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించే వ్యాయామం చెప్పారు. పాత మగ్గం ఉన్న గదిలో రోజూ చేస్తుంది. అక్క కూడా ఇద్దరు రోగుల మధ్య దొరికిన నిమిషంలో స్కానింగ్ గది గోడ దగ్గర అదే చేస్తోందట. మోచేతి కింద పెట్టుకోవడానికి ఒక దిండు కుట్టించుకుంది. పొడవు తీగ కొనిపించి మిషన్ను కొంచెం జరిపించింది. మంచం మాత్రం ఇంకా రాలేదు. ఈసారి తనతోపాటు ఆయానూ రిసెప్షన్లో అమ్మాయినీ కలుపుకుని ముగ్గురూ కలిసి కాగితం మీద రాసి ఇచ్చారని పోయిన వారం ఫోన్లో చెప్పింది. ఆయా వేలిముద్ర వేయడానికి మూడు రోజులు ఆలోచించిందట. చివరికి వేసింది.

రెండోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మ జెల్ తుడుచుకుంటూ అక్కను అడిగింది, "ఇయ్యాల ఎంతమందిని చూసినవు బిడ్డా?" అని. "ముప్పై ఎనిమిది" అంది అక్క. అమ్మ కాసేపు ఊరుకుంది. "నేను దినానికి ఎన్ని కండెలు చుట్టిన్నో నన్నెవ్వరు అడగలె" అంది.